పెద్దమ్మ నింపిన సీసా

డిగ్రీ మూడో ఏడాదిలో మాకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నారు. క్లాసులో ఆ మాట చెప్పిన మేడమ్ "ప్రాక్టికల్ నాలెడ్జ్ వస్తుంది, ధైర్యం వస్తుంది" అని అప్పజెప్పినట్టు చెప్పి, చోటు మాత్రం ఎవరికి వాళ్ళే వెతుక్కోమని చేతులు దులుపుకున్నారు. మార్కాపురంలో కెమిస్ట్రీ చదివే పిల్లలకు వెతుక్కోవడానికి ఏముంటాయి? పలకల ఫ్యాక్టరీలు, మందుల షాపులు, ఆసుపత్రులు. నా పక్కన కూర్చునే అమ్మాయి గిద్దలూరులో వాళ్ళ మామ మందుల దుకాణంలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ గడిపేసింది. ఇంకొకామె ఎక్కడికీ పోకుండానే సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఎట్లా అని నేనడగలేదు. నాకు మాత్రం మా నాయన తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో చోటు ఇప్పించాడు. మా నాయన గొర్రెలు కాస్తాడు. ఆయన ఒకరిని బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు.

అక్కడ మొదట్లో నా పనంతా సీసాలు కడగడమే. ఊళ్ళ నుంచి బోరు నీళ్ళు పట్టి పంపే ప్లాస్టిక్ సీసాలు గుట్టలుగా పడుండేవి. నా నోరు ఊరుకుంటుందా? "నేను కెమిస్ట్రీ చదివింది ఇందుకా సార్?" అనేశాను. ల్యాబు సార్ మంచివాడే గానీ మాట మొరటు. "సీసా సరిగ్గా కడగనోళ్ళ కెమిస్ట్రీ నాకెందుకమ్మా" అన్నాడు. ఒళ్ళు మండింది. మూతి ముడుచుకునే కడిగాను.

కొన్నాళ్ళకు ఆయనే పిలిచి ఫ్లోరైడ్ పరీక్ష నేర్పించాడు. మా వైపు నీళ్ళకు పట్టిన పీడ అది. తాగితే రుచిలో ఏమీ తెలియదు. పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు చారలు వస్తాయి, ముదిరితే ఎముకలు వంగిపోతాయి. పరీక్ష మాత్రం చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే, మంచి నీళ్ళయితే గులాబి రంగు నిలుస్తుంది. ఫ్లోరైడ్ ఉంటే ఆ గులాబి చెదిరి పసుపుకు తిరుగుతుంది. మొదటిసారి నా చేత్తో నేను చేసిన పరీక్షను సార్ మళ్ళీ చూడకుండానే ఒప్పుకున్న రోజు, ఇంటికి బస్సులో పోతూ నాలో నేనే నవ్వుకున్నాను. అంతవరకూ నేను చదివినదేదీ ఎవరికీ అక్కరకు రాలేదు మరి.

ఆ ఎండాకాలం మొదట్లో మా పెద్దమ్మ వాళ్ళ ఊరి సీసా వచ్చింది. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. కనిగిరి నుంచి పామూరు పోయే దారిలో వాళ్ళ ఊరు. కొడుకూ కోడలూ బెంగుళూరులో బిల్డింగు పనికి పోతే, వాళ్ళ ఐదేళ్ళ పిల్లను పెద్దమ్మే సాకుతోంది. ఆ పిల్లకు ఎడమ కాలు మోకాలి దగ్గర లోపలికి వంగడం మొదలైంది. కనిగిరి డాక్టరు చూసి, బోరు నీళ్ళు ఈ పిల్ల నోట్లో పడకూడదు అని గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి రోజూ ఆటోలో ఫిల్టరు నీళ్ళ క్యాను వచ్చేది, ఆ పిల్ల ఒక్కదానికే. పెద్దమ్మా పెదనాయనా బోరు నీళ్ళే తాగేవాళ్ళు. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే క్యానులోంచి ఒక గ్లాసు ఇచ్చేది. నాకు మాత్రం ఎప్పుడూ బోరు నీళ్ళే. "నువ్వేం సుట్టానివా, ఇంటి పిల్లవి" అనేది.

ఊరి పేరు చూసి గుట్టలోంచి ఆ సీసానే ముందు తీసుకున్నాను. నీళ్ళు పోశాను, చుక్కలు వేశాను. గులాబి రంగు. అట్లాగే నిలిచింది. నమ్మబుద్ధి కాక ఇంకో గొట్టంలో పోసి చూశాను. అదే గులాబి. "సార్, ఆ ఊళ్ళో అందరి పళ్ళూ గార పట్టి ఉంటాయి, ఇట్లా వచ్చిందేంటి?" అని అడిగాను. "పళ్ళు చూసి రిపోర్టు రాస్తామా? మొన్న కొత్త బోరు వేసినారంట గదా, లోతు నీళ్ళు బాగుండొచ్చు" అన్నాడు సార్. కొత్త బోరు మాట నిజమే, పెద్దమ్మ ఇంటి ముందరే వేశారు. ఇంక నా ఆనందం ఇంతా అంతా కాదు. అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ వెంటనే వాళ్ళక్కకు చేసింది. సాయంత్రానికి, ఊరి సచివాలయంలో రిపోర్టు కాగితం అతికించకముందే, ఊరంతా తెలిసిపోయింది.

ఇంటర్న్‌షిప్ అయిపోవస్తుండగా కాలేజీ నుంచి కొత్త మెలిక పెట్టారు. రిపోర్టులో ఫీల్డ్ విజిట్ ఫోటోలు ఉండాలట. నేను ఫీల్డుకు పోయింది ఎక్కడ? సార్‌ను అడిగి పరీక్ష పెట్టె తీసుకుని ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ ఊరికి బస్సెక్కాను. బోరు పక్కన నిలబడి గొట్టంలో చుక్కలు వేస్తున్నట్టు నాలుగు ఫోటోలు దిగితే చాలనుకున్నాను.

పెద్దమ్మ ఎదురొచ్చి బుగ్గలు నిమిరింది. పిల్ల నా చుట్టూ తిరుగుతూ పెట్టె తెరవమని ఒకటే గోల. అది దాహమంటే పెద్దమ్మ బిందెలో చెంబు ముంచి ఇచ్చింది. నేను అటూ ఇటూ చూసి, "క్యాను ఏది పెద్దమ్మా?" అన్నాను.

"మాన్పించినాలే. నీళ్ళు మంచియని నువ్వే సూసినావంట గదా. ఆటో ఆయనకు ఇంక రావొద్దని ఆ పొద్దే చెప్పినా."

నిజం చెప్తున్నా, ఆ మాటకు నా ఛాతీ పొంగింది. డాక్టరు భయపెట్టిన నీళ్ళను నేను మంచివని తేల్చాను. ఇంతకంటే పనికొచ్చే చదువు ఇంకేముంటుంది అనుకున్నాను.

బోరు దగ్గరికి పోయేసరికి పక్కిళ్ళ ఆడవాళ్ళంతా చేరారు. పెదనాయన హ్యాండిల్ కొట్టాడు. నేను గొట్టంలో నీళ్ళు పట్టాను. ఫోన్ పట్టుకున్న పక్కింటి వదినతో "చుక్కలు వేసేటప్పుడు తియ్యి" అని చెప్పి మందు వేశాను.

గులాబి రంగు వచ్చినట్టే వచ్చి, చూస్తుండగానే పసుపైపోయింది.

"ఏం రంగొచ్చింది పాపా, బాగుంది" అన్నది వదిన, ఫోటో తీస్తూనే.

మందు పాడైందేమో అనుకున్నాను. నా సంచిలో బస్టాండులో కొన్న నీళ్ళ బాటిల్ ఉంటే అవి పోసి చూశాను. గులాబి. మళ్ళీ బోరు నీళ్ళు. పసుపు. "సీసాలో నీళ్ళు ఎవరు పట్టినారు? ల్యాబుకు పంపిన సీసాలో?" అని అందరి మీదా అరిచాను.

"నేనే" అన్నది పెద్దమ్మ. "సచివాలయం పిల్ల వచ్చి, నీళ్ళు పట్టియ్యి పెద్దమ్మా, మార్కాపురం పోవాల అనె. ఆ పిల్ల ఎండకు అరుగు మీద కూకుండె. నేను సీసా బాగా కడిగి పట్టిస్తి."

"బోరు నీళ్ళేనా?"

"బోరు నీళ్ళు యాడన్నా పంపుతారా? ఆఫీసోళ్ళ కాడికి పోయేటియి గదా. పాప క్యానులోంచి వంచినా."

అక్కడ నిలబడ్డ ఎవరికీ ఇందులో వింతేమీ కనపడలేదు. పక్కింటి ముసలాయన తలూపాడు కూడా. నాకప్పుడు తెలిసింది, ఆ ఊళ్ళో నీళ్ళు బయటివాళ్ళకు చూపించే వస్తువు కాదని. పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళ కోసం ముందురోజే క్యాన్లు తెప్పించి పెడతారు. నీళ్ళు బాగలేని ఊరని పేరు పడితే పిల్లనివ్వరు, తీసుకోరు. టీచర్లకైనా, ఆశా వర్కరుకైనా, దారిన పోయేవాడికైనా క్యాను నీళ్ళే. అట్లాంటిది ఆఫీసుకు బోరు నీళ్ళు పంపి ఊరి పరువు తీసుకుంటారా? మనవరాలి వంతు నీళ్ళలోంచి, ఒక్క చుక్క కింద పడకుండా వంచి పంపింది మా పెద్దమ్మ. ల్యాబులో సీసాలు అద్దంలా కడిగాను. అందులోకి ఏ నీళ్ళు వస్తాయని అడగాలని సార్‌కూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆమె మీద కోప్పడదామంటే నోరు రాలేదు. కోపమంతా ఎవరి మీద చూపించాలో తెలియక ఏడుపొచ్చింది.

సార్‌కు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. అంతా విని, "నీ చేత్తో పట్టి రేపు తీసుకురా, రిపోర్టు మారుస్తా. ముందు ఆ నీళ్ళు మాన్పించు" అన్నాడు. ఆదివారమని కూడా చూడకుండా పెదనాయన సైకిలేసుకుని ఫిల్టరు ప్లాంటుకు పోయి క్యాను కట్టుకొచ్చాడు.

ఇప్పుడు నేను పనిచేసే ల్యాబుకు కూడా ఇంటర్న్‌షిప్‌కు పిల్లలు వస్తుంటారు. వాళ్ళను మొదటి రోజే ఊళ్ళకు తరుముతాను, సీసా మీరే పట్టండి, పక్కన ఎవరున్నా మీరే పట్టండి అని. రాక్షసి మేడమ్ అని నా వెనక చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

ఆ ఆదివారం సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను. పెద్దమ్మ పిల్లను చంకనేసుకుని వెంట వచ్చింది. నడుస్తానని అది గింజుకుంటున్నా దించలేదు. దూరాన బస్సు కనబడ్డాక నా చెయ్యి పట్టుకుంది.

"నెల దినాలు తాపినానే పాపా. నా చేతుల్తోనే తాపినా. ఏం గాదులే అని ఒక్క మాట చెప్పు."

నేను బస్సు వైపు చూస్తూ నిలబడ్డాను. నేను ఆ మాట అంటే చాలు, ఆమె నమ్మేసేది.