ఏడు నీళ్లు కడిగిన మొక్కజొన్న

కెనడాలోని బర్నబీలో, కొండమీది విశ్వవిద్యాలయంలో చదివిన రెండేళ్లూ నేను ఒక మెక్సికన్ ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను. మా కుటుంబంలో పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. అందువల్ల కాబోలు, పుస్తకంలో ఉన్నదాన్ని తప్పుల్లేకుండా రాయగలిగితే ఆ విషయం నాకు తెలిసినట్టేనని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకాన్ని నొప్పి తెలియకుండా సరిదిద్దిన మనిషి ఆవిడే.

మెక్సికో చరిత్ర కోర్సును నేను ఆసక్తితో ఎంచుకోలేదు. నా పార్ట్‌టైమ్ పనికి అడ్డురాని వేళల్లో ఉన్న క్లాసు అదొక్కటే. కానీ మిరపకాయ పుట్టిల్లు ఆ నేల అని, బతుకమ్మలో మేము పేర్చుకునే బంతిపూలు కూడా అక్కడినుంచే బయలుదేరాయని చదివిన రోజున పుస్తకం మూయబుద్ధి కాలేదు. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించే వాళ్ల ప్రాచీన పద్ధతి గురించి పరీక్షలో రెండు పేజీలు రాశాను. మంచి మార్కులు వచ్చాయి. ఆ సంబరంతో మేడమీదికి వెళ్లి ఆవిడకు మొత్తం వినిపించాను. ఆవిడ కూర తరుగుతూ ఓపికగా విని, తన తల్లి బడికి వెళ్లలేదనీ, ఆ పని మాత్రం రోజూ చేసేదనీ అన్నది.

ఆవిడ వృద్ధాశ్రమంలో పనిచేసేది. నేను ఆంటీ అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను మిహా అనేది, అంటే బిడ్డా అని. ఆ ఏడాది మొదట్లో, చలికాలంలోనే ఆవిడ తల్లి పోయింది. మోకాలి ఆపరేషన్ అయి మంచంలో ఉన్నందున ఆవిడ చివరిచూపుకు వెళ్లలేకపోయింది. నవంబరు మొదట్లో పోయినవాళ్లు ఇంటికి వస్తారని వాళ్ల నమ్మకం. బల్లమీద ఫొటో, బంతిపూలు, కొవ్వొత్తులు, వాళ్లకు ఇష్టమైన వంట పెట్టి ఎదురుచూస్తారు. ఆ తల్లికి ఇష్టమైనవి టమాలీలు: మొక్కజొన్న పిండిముద్దలో కూర పెట్టి, కంకిమీది ఆకుల్లో చుట్టి ఆవిరిమీద ఉడికించేవి. వాటికోసం ఆవిడ తమ్ముడు ఊరినుంచి ఒక చిన్న సంచీ గింజలు పంపాడు. తల్లి తన చేత్తో విత్తిన చివరి పంట అది.

ఆ పండగ ముందురోజే వాటిని సున్నంలో ఉడికించి నానబెట్టింది. పొద్దున డ్యూటీకి వెళ్తూ నాకు ఒక పని అప్పగించింది.

"రెండు నీళ్లు పోసి వంపెయ్ మిహా. అంతే చాలు."

మా అమ్మ రేషన్ బియ్యాన్ని గిన్నె అడుగు కనిపించేదాకా కడిగేది. నీళ్లలో తెలుపు మిగిలితే వండినవాళ్లకు నామోషీ అనేది. పోయినవాళ్లకు పెట్టే వంటకు రెండు నీళ్లు ఎలా సరిపోతాయనుకున్నాను. ఏడుసార్లు కడిగాను. అరచేతుల మధ్య రుద్ది, జిగురంతా పోయి గింజలు ముత్యాల్లా మెరిసేదాకా వదల్లేదు. కోనసీమనుంచి వచ్చిన నా రూమ్మేట్ పైకి వచ్చి చూసి, "అసైన్‌మెంట్ సబ్మిట్ చేయలేదు గానీ, మొక్కజొన్నల మీద పీహెచ్‌డీ చేస్తున్నావేంటే?" అన్నది. నవ్వి, మళ్లీ నీళ్లు పోశాను. ఆంటీ మెచ్చుకుంటుందనే ధీమా.

మధ్యాహ్నం ఆవిడ వచ్చి, గింజలు చేతిలోకి తీసుకుని వాసన చూసింది.  మరలో వేసి తిప్పి, పిండిని పిడికిట బిగించింది. ఇసుకలా రాలిపోయింది. గింజమీది ఆ జిగురే పిండిని పట్టి ఉంచుతుందని, దాన్ని కొంత మిగల్చడానికే రెండు నీళ్లు చెప్పానని అప్పుడు వివరించింది. రెండు పేజీలు రాసిన నాకు ఈ సంగతి తెలియదు.

వేరే గింజలు కొనుక్కొస్తానన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఆ గింజలు ఏ కొట్టులోనూ దొరకవని. ఆవిడ కాసేపు కుర్చీలో కూర్చుంది. తర్వాత లేచి, అలమరలోంచి కొట్లో కొన్న మొక్కజొన్న పిండి ప్యాకెట్ తీసింది. అలాంటి ప్యాకెట్‌ను తన తల్లి గడప దాటనిచ్చేది కాదని ఆవిడే నాకు ఎన్నోసార్లు చెప్పింది.

"వద్దు ఆంటీ. అమ్మగారికి నచ్చదు కదా."

"నచ్చదు. తిడుతుంది." ఆవిడ ఆ పిండిని తల్లి గింజల పిండిలో కలిపి పిసుకుతూనే ఉంది. "తిట్టనీ మిహా. ఆ తిట్లు విని ఏడాది కావస్తోంది."

ఆవిడ నన్ను కిందికి పొమ్మనొచ్చు. పొమ్మంటే తప్పు పట్టేదాన్ని కాను. కానీ కంకి ఆకులు నా ముందుకు జరిపి, పిండి ఎంత మందాన పరచాలో వేలితో చూపించింది. ఆ మధ్యాహ్నం నన్ను ఆ బల్లదగ్గర ఉండనిచ్చినందుకు ఈ రోజుకూ కృతజ్ఞురాలిని.

సాయంత్రం పళ్లెం నా చేతికే ఇచ్చి, ఫొటో ముందు పెట్టి, జరిగింది నన్నే చెప్పమన్నది. నాకు స్పానిష్ రాదన్నాను.

"నీ భాషలోనే చెప్పు. ఇంత దూరం దారి వెతుక్కుని వచ్చే మనిషికి అదొక లెక్కా?"

ఫొటోలో ఒక ముసలామె ఎండకు కళ్లు చికిలించి చూస్తోంది. "అమ్మమ్మా, కడిగింది నేను. మీ కూతురు రెండు నీళ్లే చెప్పింది," అన్నాను. 

 కొంతసేపయ్యాక ఆంటీ, నేను తినడానికి కూర్చున్నాం. నా టమాలీ ఆకు విప్పగానే ఒక అంచు విరిగి బల్లమీద రాలింది. ఆవిడ ఆ పొడిని వేలికి అద్దుకుని నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది.