ఫోను నేర్పిన కీబోర్డు, అత్త ఎత్తుకున్న పాట

మా అత్త ఆదివారం పూట నోరు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అందుకే నేను నలభై దాటాక కీబోర్డు నేర్చుకున్నాను.

గరివిడి దగ్గర మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునే పని ఆవిడది. ఏ పాటో, ఏ శ్రుతో ముందుగా చెప్పే అలవాటు మా దగ్గర లేదు. పాస్టరుగారి ప్రార్థన ముగిసీ ముగియగానే ఆడవాళ్ల చాపల్లోంచి ఆవిడ అందుకునేది, సంఘమంతా వెనకాల వెళ్లేది. కీబోర్డు వాయించే ఆయన కూడా అంతే. ఆవిడ గొంతు ఎక్కడుందో పల్లవి సగంలో పట్టుకుని వచ్చి కలిసేవాడు. ఆయనకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక, సంఘం పెద్దలు ఫోన్లో ఉచితంగా దొరికే రికార్డు చేసిన సంగీతం ట్రాకులు స్పీకరులో పెట్టడం మొదలెట్టారు. పాటలు అవే, కానీ శ్రుతి ఆవిడకి అందనంత పైన, నడక ఆవిడకి రానంత జోరు. కొన్ని వారాలు తంటాలు పడి మానేసింది.

"నానేటి, దానెనకాల పరిగెట్టాలా? అదే పాడుకుంటాదిలే" అంది.

నవ్వుతూనే అంది. కానీ ఇంట్లో కూడా కూనిరాగం ఆగిపోయింది. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ ఆ గొంతు వింటూ వంట చేసినదాన్ని. అది లేని వంటిల్లు నాకు నచ్చలేదు. బెంగ పెట్టుకుని కూర్చునే రకాన్ని కాదు కాబట్టి చర్చి కీబోర్డు అడిగి ఇంటికి తెచ్చుకుని, ఫోను తెరిచాను.

నేను స్కూల్లో లెక్కలు చెప్తాను. ఏది చూసినా మార్కులు వెయ్యడం మా జాతి జబ్బు. 'వారంలో కీబోర్డు' అని బోర్డు పెట్టుకున్న ఒకాయన పాఠం కంటే ఎక్కువసేపు గంట గుర్తు నొక్కమని బతిమాలాడు. ఆయనకి సున్నా వేశాను. ఒక యాప్ నేను తప్పు వాయించినా శభాష్ అని నక్షత్రాలు రాల్చేది. మా స్కూల్లో నేనలా దిద్దితే తల్లిదండ్రులు గేటు దగ్గరే పట్టుకుంటారు. పైగా కాస్త దారిలో పడ్డానో లేదో, ఇక్కడి నుంచి డబ్బు కట్టమని తాళం వేసేసింది. ముఖం కూడా చూపించని ఒకావిడ మాత్రం వేళ్లు ఎక్కడ పెట్టాలో నింపాదిగా చూపించింది, పెద్దగా మాట్లాడలేదు. ఆవిడకి ఫస్ట్ క్లాసు. ఇంకొకాయన ఒడియాలో, ఫ్యాను హోరులో, ఊగిపోయే కెమెరాతో ఒకే ఒక బటను గురించి చెప్పాడు. మా పుట్టింటివాళ్లకి రాయగడ సంబంధాలుండడం వల్ల నాకు సగం అర్థమైంది. ఈ బటనుతో నాకేం పని అని అత్తెసరు మార్కులేసి వదిలేశాను.

నా పరీక్ష ఒక్కటే. ఫోను బోర్లా పెట్టేశాక చేతికి ఏం మిగిలింది అని. ఆ ముఖం లేని టీచరమ్మ పుణ్యమా అని నాలుగు పాటలు చేతికి మిగిలాయి.

ఆ పై ఆదివారం ట్రాకు వద్దన్నాను. "అత్తా, నువ్వెత్తుకో, నేనుంటాను" అని ధీమాగా చెప్పాను. ప్రార్థన ముగిసింది. వీడియోలో నేర్పినట్టు నేను పాటకి ముందొచ్చే సంగీతం మొదలెట్టాను. మా చర్చిలో ముందు సంగీతం కోసం ఎవరూ ఆగరన్న సంగతి నాకు తట్టనే లేదు. అత్త తన శ్రుతిలో ఎత్తుకుంది. నేను నేర్చుకున్నది ఒక్కటే శ్రుతి, అందులోనే నేనూ పోయాను. ఇద్దరం మొండివాళ్లమే. మగవాళ్లు నాతో వచ్చారు, ఆడవాళ్లు ఆవిడతో వెళ్లారు. పాస్టరుగారు ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డారు. రెండో చరణంలో అత్త ఆపేసింది.

"ఒసే, నువ్వూ ట్రాకువే అయిపోనావు" అంది బయటికొచ్చాక. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ లోపల చురుక్కుమంది. ఎవరి గొంతు కోసం మొదలెట్టానో ఆ గొంతునే నేనూ ఆపేశాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ టీచరమ్మ తప్పేమీ కనబడలేదు. మా అత్త ఎక్కడ ఎత్తుకుంటుందో పాపం ఆవిడకెలా తెలుస్తుంది? అప్పుడు గుర్తొచ్చాడు ఒడియా ఆయన. ఆ బటను నొక్కితే కీబోర్డు శ్రుతి మొత్తం పైకో కిందికో ఒక్కో మెట్టు జరుగుతుంది, వేళ్లు మాత్రం నేర్చుకున్న చోటే ఉంటాయి. ఎన్ని మెట్లు జరపాలన్నది చిన్న తీసివేత. ఆయనకి మార్కులు పెంచాను. అయితే ఆవిడ గొంతు ఏ మెట్టు మీదుందో మాత్రం చెవే పట్టుకోవాలి, దానికి వీడియో లేదు.

"అత్తా, నువ్వు పాడితేనే నాకు వస్తాది" అన్నాను.

మొదట బెట్టు చేసింది. తర్వాత అదొక ఆటైపోయింది. గోంగూర ఒలుస్తూ చెప్పాపెట్టకుండా ఎత్తుకునేది. నేను చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చి మెట్టు వెతుక్కోవాలి. నేను అన్నం వార్చే సమయం చూసి మరీ ఎత్తుకునేది. దొరక్కపోతే "ఇంకా ఎతుకుతున్నావేటే?" అని పకపకా నవ్వేది.

కోత పండగ వచ్చింది. చర్చి నిండా గుమ్మడికాయలు, అరటి గెలలు, వేలానికి కాళ్లు కట్టి తెచ్చిన కోళ్లు. గజపతినగరం చుట్టాలు కూడా వచ్చారు. ఆ హడావిడికి అత్తకి ఉత్సాహం ఎక్కువై, ఇంట్లో ఏనాడూ ఎత్తుకోనంత పైన ఎత్తుకుంది. నా వేలు ఒక్కో మెట్టూ తడుముతోంది, దొరకడం లేదు. పల్లవి అయిపోయింది. ఆవిడ ఎవరికోసమూ ఆగే మనిషి కాదు. ఓరగా నా వైపు చూసి, చరణంలోకి వెళ్లకుండా పల్లవి మళ్లీ అందుకుంది. ఇంకోసారి కూడా పాడింది. అప్పుడు దొరికింది. వీడియోని వెనక్కి నేనే లాక్కోవాలి. ఆవిడ తనంతట తనే వెనక్కి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగి బటను సరిగ్గా కనబడలేదు, అయినా నొక్కాను.

భోజనాల దగ్గర గజపతినగరం వదిన అడిగింది, ఎక్కడ నేర్చుకున్నావమ్మా, ఎంత తీసుకున్నారు అని. ఫోన్లోనే వదినా, అంతా ఫ్రీ అన్నాను.

"ఫ్రీ ఏటమ్మా," అంది అత్త పక్కనుంచి బొంగురుగా. "దీనికి నేర్పలేక నా గొంతు అరిగిపోనాది."

నిజమే, గొంతు దాదాపు పోయింది. ఇంటికెళ్లగానే మిరియాల పాలు కాచి ఇచ్చాను. సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఆ బొంగురు గొంతుతోనే మళ్లీ ఎత్తుకుంది.