ఎండనియ్యని చేయి

ఇక జన్మలో జిలేబీ ముట్టనని ఎనిమిదేళ్ళ కిందట ఆపాకు మాటిచ్చాను. కంటికట్టు విప్పిన మూడో రోజే తప్పాను. మొన్న ఆదివారం పొద్దున ఆమె గుండె ఆగి పోయిందని ఆమె సొంతూరు అమరచింత నుంచి ఫోను వచ్చినప్పుడు కూడా నా చేతిలో జిలేబీయే ఉంది. సగం కొరికినదాన్ని పొట్లంలో పెట్టేశాను.

ఆపా వనపర్తిలో ఒక కంటి దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ఊరంతా ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేది, డాక్టరుతో సహా. ఆమె అసలు పేరు నాకు ఆమెను పూడ్చిన ఖబరస్తాన్‌లోనే తెలిసింది. ఇక్కడ రాయను. ఆమెకు ఆ పిలుపే ఇష్టం.

నేను గద్వాలలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరైనవాణ్ని. చదవడం తప్ప మరో పని చేతకాదని మా ఇంట్లో అంటారు. అది నిజమే. అట్లాంటి నాకు నాగర్‌కర్నూల్‌లో ఒక ఉచిత కంటి శిబిరంలో ఎడమ కన్ను చెడింది. శుక్లం తీయించుకుందామని పోయాను. పేర్లు రాసుకునే బల్ల దగ్గర మా బామ్మర్దే కూర్చున్నాడు. నా చెవిలో గుసగుసగా చెప్పాడు: "బావా, షుగరుందని అనకు. అంటే ఎనుకకు పంపిస్తరు. నేను లేదనే రాసిన."

నేనూ లేదనే అన్నాను. అక్కడి డాక్టరు నా కన్ను దీపం కింద తెరిచిపెట్టి, క్రికెట్ స్కోరు కనుక్కోవడానికి రెండుసార్లు ఆగాడు. కంటి ముందరి అద్దం లాంటి పొర, కార్నియా, తడి ఆరి మసకబారింది. లోపల కనబడటం లేదని దాని పైచర్మం గీకేశాడు. షుగరు లేనివాళ్ళకు అది కొద్ది రోజుల్లో మళ్ళీ కమ్ముకుంటుంది. నాకు మూడు నెలలు పుండుగా ఉండి, చివరికి తెల్లమచ్చ మిగిలింది. ఇదంతా తర్వాత ఒంటి కంటితో పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. తెలుసుకున్నాక ఆ డాక్టరు మీద పత్రికలకు ఉత్తరాలు రాశాను. ఒక్కటీ వేయలేదు. ఆ సంపాదకులను కూడా నేను మరిచిపోలేదు.

తర్వాత కుడి కన్నుకూ శుక్లం ముదిరింది. అక్షరాలు చీమల బారుల్లా కదిలేవి. అది కూడా చెడితే నాకు పుస్తకం లేదు. బామ్మర్దిని వెంటబెట్టుకుని వనపర్తి పోయాను. ఆపా అడిగింది, షుగరుందా అని. ఇంత జరిగినా, వెనక్కి పంపిస్తారన్న భయంతో, మళ్ళీ లేదన్నాను.

థియేటరు గౌను తొడగడానికి చొక్కా విప్పించింది. జేబులోంచి మాత్రల అట్ట కిందపడింది.

"ఇదేంది సార్? చాక్లెట్లా?"

ఆమె నా ఎడమ కన్ను రెప్ప పైకెత్తి చూసింది.

"ఈ మచ్చ గిట్లనే వచ్చిందా? కోసినాయన తప్పుంది, కాదంట లేను. దాసినోళ్ళది లేదా?"

"మా బామ్మర్ది చెప్పొద్దన్నాడమ్మా."

"నోరు బామ్మర్దిదా, మీదా?"

బయట బెంచీ మీదున్న బామ్మర్ది అప్పటికే టీ తాగడానికి లేచిపోయాడు.

ఆ రోజు ఆపరేషన్ ఆపించింది. హైదరాబాద్ నుంచి వారానికోసారి వచ్చే డాక్టరు విసుక్కున్నాడు. ఆమె జంకలేదు. "షుగర్ మనిషి సాబ్. ఈయన కంటిపొర తడిగోడ మీది సున్నం లెక్క. జర రాపిడైతే ఊడొస్తది" అంది. నెల రోజులు పొద్దున్నే నడవమంది. జిలేబీ మీద ఒట్టు అప్పుడు వేయించుకున్నదే.

నెల తర్వాత జాబితాలో మొదటి పేరు నాది. షుగరు ఉన్నవాళ్ళను ఆమె ఎప్పుడూ ముందే పెట్టేది, డాక్టరు చేయి అలసిపోకముందే. నుదుటి మీద ప్లాస్టరు ముక్క అంటించేది, బొట్టు పెట్టినంత శ్రద్ధగా. అది ఉన్నవాళ్ళ కన్నును ఎవరూ తొందరపెట్టకూడదు. నేనేదో అడగబోతే, "లైబ్రరీల నిశ్శబ్దమని బోర్డు పెట్టింది మీరే గద. ఇయ్యాల మీరే పాటించున్రి" అంది.

పడుకుని వింటున్నాను. కన్ను ఎండకుండా లోపలికి జెల్లీ, పైన జెల్లీ, ఆగకుండా నీటిచుక్కలు. డాక్టరు పరికరం మార్చినా ఆపా తడిదూది కప్పేది, దీపం పక్కకు తిప్పేది.

"జూరాల డ్యాం గేట్లెత్తినవా ఆపా? నాకేం కనబడ్త లేదు" అన్నాడు డాక్టరు.

"కృష్ణ పొంగినా సరే సాబ్, ఎండనియ్య."

అందరూ నవ్వారు. నేను నవ్వబోతే నెత్తి మీద వేలితో చిన్నగా కొట్టింది, కదలొద్దని.

కట్టు విప్పిన రోజు గోడమీది క్యాలెండరులో సన్న అక్షరాలు చదివాను. చంద్రగ్రహణం సమయంతో సహా. ఆపా పక్కన నిలబడి, "చాలు సార్, పంచాంగం ఇంటికి పోయి చెప్పున్రి" అంది. ఆ తర్వాత నేను చదివిన ప్రతి పేజీ ఆమె ఇచ్చిందే. అందులో మంచి పుస్తకాలు తక్కువ. అది ఆమె తప్పు కాదు.

రెండేళ్ళకు బామ్మర్దికీ శుక్లాలొచ్చాయి. ఆ సంగతి ఆపా నాకు ఫోనులో చెప్పి చెప్పి నవ్వింది: "గడపల కాలు పెట్టంగనే, ఆపా, నాకు షుగరుంది, బీపీ ఉంది, ఇంకేమన్న ఉంటే అది గూడ రాసుకో అన్నడు సార్!" రెండు కళ్ళూ అద్దాల్లా వచ్చాయట.

అమరచింతలో మట్టి ఇవ్వడానికి ఇద్దరం పోయాం. ఖబరస్తాన్ దగ్గర నలుగురైదుగురు ముసలివాళ్ళు ఒకరికొకరు తమ కళ్ళు చూపించుకుంటున్నారు. నేనూ ఆ వరుసలో నిలబడి మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. మా బామ్మర్ది చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత ఏడవగలడని నాకు తెలియదు.

తర్వాత రోడ్డు మీద నిలబడ్డాం. దూరంగా దుమ్ములో ఏదో బస్సు. నేను కుడి కన్ను చికిలించి చూస్తున్నాను.

"గద్వాలదే బావా, బోర్డు కనబడ్తుంది" అన్నాడు, తడి కళ్ళు తుడుచుకుంటూ.

ఎవరి మీదా కోపం మనసులో పెట్టుకోవద్దని ఆపా చాలాసార్లు చెప్పింది. స్కోరు అడిగిన డాక్టరును వదిలేశాను. సంపాదకులను కూడా ఇప్పుడే వదిలేస్తున్నాను. కానీ నాకు అబద్ధం నేర్పి, తన వంతు వచ్చినప్పుడు నిజం చెప్పి, రెండు కళ్ళతో నాకంటే ముందు బస్సు బోర్డు చదివిన మనిషి ఒకడున్నాడు. వీరేశం.