అత్తయ్యగారి నోరు ఎవరూ చూడలేదు

తొంభైల్లో ఒక ఏప్రిల్. యమునకు అవతల ఉన్న ఆసుపత్రిలో మా అత్తగారికి గాల్‌బ్లాడర్ తీసేశారు. కుట్లు మానాయి, జ్వరం తగ్గింది. తిండి మాత్రం లోపలికి పోవడం లేదు. రెండు చెంచాలు తిని తల తిప్పేసుకునేది. "సాయంత్రానికల్లా తినకపోతే మళ్లీ ముక్కులో గొట్టం వేస్తాం" అని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆపరేషనయ్యాక ఆ గొట్టం ఉన్నన్నాళ్లూ ఆవిడ పడిన బాధ చూశాను. ఆ మాట వినగానే ఆవిడ కళ్లు మూసుకుంది.

మా ఆవిడకు సెలవులు అయిపోయాయి. పత్రికాఫీసులో నాది రాత్రి డ్యూటీ కనుక పగలు మంచం పక్కన నేనే. కూర్చోలేకపోయేవాణ్ణి. వరండా ఆ చివరికి వెళ్లడం, రావడం, గిన్నె మూత తీసి చూడడం, మళ్లీ వెళ్లడం.

లక్ష్మీనగర్‌లో మా కింది వాటా ఆంటీ చూడడానికొచ్చింది.

"దిష్టండీ. ఆపరేషను బాగా అయిందని ఊరంతా చెప్పుకున్నారుగా! ఉప్పూ మిరపకాయలూ తెచ్చాను."

"ఇక్కడ మిరపకాయలు కాలిస్తే పక్క మంచాలవాళ్లు దగ్గి చస్తారు ఆంటీ."

"మీ వాదనలు మీటింగుల్లో చెప్పుకోండి. పెద్దావిడ ప్రాణం ముఖ్యం."

ఆవిణ్ణి పంపించి డాక్టరు దగ్గరకు పోయాను. ఆయన ఫైలు లోంచి తల ఎత్తలేదు. "ఉమ్ర్ హో గయీ హై, భాయ్ సాబ్. భూఖ్ కమ్ హో జాతీ హై."

వయసైపోయిందట, ఆకలి తగ్గిపోతుందట. నాకు మండిపోయింది. దిష్టి అన్నా వయసు అన్నా ఒకటే, చూడకుండా చెప్పిన కారణం. ఒకటి మిరపకాయలతో వస్తుంది, రెండోది స్టెతస్కోపుతో.

తిరిగి వచ్చేసరికి ఆవిడ నిద్రలో ఉంది. ఉతకడానికని తలగడ పక్కనున్న తువ్వాలు తీశాను. మడతలో పొద్దుటి ఇడ్లీ ఉంది. కాస్త నమిలి ఉమ్మేసిన ముద్దలు. వాటి మీద ఎర్రటి చారలు.

ఆకలి లేని మనిషి నములుతుందా? అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడవి పెట్టుడు పళ్లు. ఇంట్లో అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తరు. బాత్రూం గడియ వేసుకుని కడుక్కునేది. అల్లుడి ఎదుట అత్తగారు బోసినోటితో కనిపించకూడదు, అంతే. ఆపరేషనుకు ముందు నర్సులు తీయించారు. స్పృహ రాగానే, చుట్టాలు చూడ్డానికొచ్చేలోపు, మా ఆవిడే హడావిడిగా పెట్టేసింది. ఆ తర్వాత అత్తగారు వాటిని తీయనే లేదు. ఈ వార్డులో గడియ వేసుకునే చోటేది? పగలంతా ఎదురుగా నేను. చిక్కిపోయిన చిగుళ్ల మీద ఆ పళ్లు వదులై కదులుతూ ఒరుసుకుంటున్నాయి.

డాక్టర్ని దాదాపు లాక్కొచ్చాను. తెర వేసి, నన్ను బయటకు పంపాకే ఆవిడ నోరు తెరిచింది. టార్చి వెలుగులో ఆయన చూసిందేమిటో బయటకొచ్చి చెప్పాడు. చిగుళ్ల మీద పుళ్లు, నాలుక నిండా తెల్లటి పూత. మందు పూయాలి, నోరు శుభ్రంగా ఉంచాలి, మానేదాకా పళ్లు పెట్టకూడదు. కడుపు కోసినవాళ్లు ఇన్నాళ్లూ నోట్లోకి తొంగి చూడలేదన్నమాట! ఆ మాట గట్టిగానే అన్నాను. ఆయన "ఠీక్ హై, ఠీక్ హై" అంటూ పక్క మంచానికి వెళ్లిపోయాడు.

పళ్లు తీయించారు. మందు పూశారు. పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించిన అన్నం తెచ్చాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరు బయటికెళ్లండి బాబూ. అమ్మాయొచ్చాక తింటాను."

"అమ్మాయి కంటే ముందు గొట్టం వస్తుంది అత్తయ్యగారూ."

"రానీండి."

పోనీ వెళదామంటే, ఆవిడ ఒక చేతికి సెలైన్ సూది. రెండో చేత్తో చెంచా పట్టుకుంటే గిన్నె పట్టేవాళ్లు లేరు. ఆయా ఎక్కడుందో తెలీదు. గడియారం వైపు చూడడం మానలేకపోతున్నాను.

"పళ్లు ఊడడం తప్పా? నాకు జుట్టు ఊడింది, టోపీ పెట్టుకున్నానా?"

"మీరు మగవారు బాబూ. ఎలా ఉన్నా చెల్లుతుంది."

ఆ మాట నేనే ఎన్నో వ్యాసాల్లో రాశాను, వేదికల మీద బల్ల గుద్ది చెప్పాను. ఇప్పుడూ గొంతులో ఉపన్యాసం ఉడుకుతూనే ఉంది. ఈ కొంగు వల్లే కదా నోరు పుండయింది!

"అయితే అటు తిరగండి," అంది ఆవిడే.

స్టూలు గోడ వైపు తిప్పుకుని, గిన్నె పట్టుకున్న చేయి వెనక్కి చాచాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చెంచా గిన్నెకు తగిలింది. చిగుళ్లతో నలిపి మింగుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ చెంచా.

"కాస్త కిందికి దించండి బాబూ. ఉప్పెవరు వేశారు?"

"నేనే."

"వేసినట్టు లేదు."

చేయి లాగేస్తోంది. గిన్నె తేలికవుతోంది. ఎంత తిన్నదో చూడాలని మెడ గుంజుతోంది. గోడ మీద పెచ్చులూడిన సున్నం వైపే చూస్తూ కూర్చున్నాను.