ఆరో చుట్టులో చలి

నా పరుగు డైరీలో ఐదు గళ్ళు ఉంటాయి: తేదీ, బయలుదేరిన సమయం, అప్పటి ఉష్ణోగ్రత, ఎన్ని చుట్లు, చుట్టుకు ఎన్ని నిమిషాలు. హగరిలోని వ్యవసాయ ప్రయోగ క్షేత్రంలో వాతావరణం నమోదు చేసే ఉద్యోగం చేశాను. చెక్కపెట్టెలోని థర్మామీటర్లు చూడటం, చూసింది చూసినట్టు రాయడం, అంతే. రిటైరై బళ్ళారిలో ఇల్లు కట్టుకున్నాక ఆ అలవాటు పరుగు మీదికి మళ్ళింది.

మా ఇంటి దగ్గర కాలేజీ మైదానంలో పొద్దున్నే పరుగెత్తే పెద్దవాళ్ళం పదిమందిమి. ముందు నేను, వెనక తక్కినవాళ్ళు. చుట్టుకు మూడున్నర నిమిషాలు, ఎనిమిది చుట్లు. నా చేతి గడియారమే అందరికీ గడియారం. ఈ వయసులో నా వెనక తొమ్మిదిమంది నడుస్తున్నారంటే అది నాకు చిన్న సంగతి కాదు. ఇంట్లోనైనా, బంధువులలోనైనా నా మాట వెంట నడిచేవాళ్ళు అప్పటికి ఎవరూ మిగల్లేదు.

పోయిన చలికాలంలో పదకొండోవాడుగా అతను వచ్చాడు. ఒకప్పుడు మా క్షేత్రంలోనే కూలిపని చేసినవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. నన్ను చూడగానే దణ్ణం పెట్టి, "సార్, మీరూ ఈడనేనా?" అన్నాడు. పాత బనీను, మోకాళ్ళ దాకా నిక్కరు, భుజాన తెల్ల టవలు. చేతికి గడియారం లేదు. అందరికన్నా వెనక, ముచ్చట్లు చెబుతూ పరుగెత్తేవాడు. నేను ఎనిమిది ముగించేసరికి అతనికి ఆరు అయ్యేవి. ఆ రోజుల్లో అతనంటే నాకు చాలా అభిమానం.

ఉగాది దాటింది. ఎండ ముదిరేకొద్దీ అతను ఇంకా నెమ్మదించాడు. టవలు తడిపి మెడకు చుట్టుకునేవాడు. దాహం వేసినా వేయకపోయినా రెండు చుట్లకొకసారి వేపచెట్టు కింద ఆగి, సీసాలో తెచ్చుకున్న ఉప్పు మజ్జిగ తాగేవాడు. నేను మాత్రం మూడున్నర నిమిషాలు వదల్లేదు. డైరీలో ఆ గడి పాడవడం నాకు ఇష్టం లేదు.

ఒకరోజు వెనక అడుగుల చప్పుడు తగ్గినట్టనిపించి తిరిగి చూశాను. నలుగురే ఉన్నారు. మిగతావాళ్ళు అతనితో ఉన్నారు.

"అన్నా, పరిగెత్తుతాండావా, ఊరేగుతాండావా?" అని ఎవరో అడిగారు.

"రెండూనప్పా. పల్లకీ ఒకటే తక్కువ. మాట్లాడేకి ఊపిరి ఉన్నంతసేపే పరుగు, అది లేకుంటే సాకు, ఇంక చాలని నడిచేది."

అందరూ నవ్వారు. నన్ను ఇన్నేళ్ళూ "సార్" అన్నవాళ్ళు, నిన్నమొన్న వచ్చినవాణ్ణి "అన్నా" అంటున్నారు. ఆ రోజు డైరీలో ఐదు గళ్ళూ నింపాను కానీ, ఆ మాట రాయడానికి ఆరో గడి లేకపోయింది.

మా ఆవిడతో అన్నాను, టవలు చుట్టుకుని పరుగెత్తడం కూడా ఒక పరుగేనా అని.

"మీరూ తడుపుకోరాదా, సల్లగుంటాది."

"నాకంత వేడిగా ఏం లేదు."

"ఉండాదిలే. అది ఎండ వేడి కాదు, అంతే," అని లోపలికి వెళ్ళింది.

వైశాఖంలో కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్ళి పదిహేను రోజులున్నాను. అక్కడ చల్లగా ఉంది. ఒక్క పూటా పరుగెత్తలేదు. తిరిగి వచ్చిన మర్నాడు మైదానానికి వెళితే తొమ్మిదిమందీ అతని చుట్టూ ఉన్నారు. నన్ను చూసి పలకరించారు, బెంగళూరు సంగతులు అడిగారు, పరుగు మొదలయ్యేసరికి అతని వెనక్కి చేరారు. ఎవరూ పిలిచి చేర్చినట్టు కూడా లేదు.

అతను మాత్రం నా దగ్గరికి వచ్చాడు. "సార్, నాలుగు దినాలు నిదానంగా పోండి. ఒళ్ళు మళ్ళీ ఎండకు మరిగి అలవాటు పడాల. యాదుందా, మన ఫారంలో?"

గుర్తుంది. ఎండాకాలంలో ఎవరైనా పెళ్ళికో జబ్బుకో పది రోజులు పనికి రాకుండా తిరిగివస్తే, మేస్త్రీ వాళ్ళను వెంటనే చేనులోకి పంపేవాడు కాదు. నాలుగు రోజులు షెడ్డులో విత్తనాలు ఏరే పని ఇచ్చేవాడు. ఆ షెడ్డు నా థర్మామీటర్ల పెట్టెకు యాభై అడుగుల దూరం. ఇన్నేళ్ళూ దాన్ని సోమరితనం కింద లెక్కవేశాను.

"నాకు తెలుసులేప్పా," అని బయలుదేరాను. మూడున్నర కాదు, మూడుంపావు. ఆ రోజు వాళ్ళందరినీ ఒక చుట్టు దాటాలి, దాటేటప్పుడు పక్కకు చూడకూడదు. ఇదీ నా పథకం.

మూడో చుట్టులో దాటాను. పక్కకు చూడలేదు. ఎవరో "సార్ బెంగళూరులో ఏమి తిన్యాడో," అనడం వినిపించింది. నాలుగు, ఐదు. అప్పటికి ఎండ తూర్పున ఉన్న గుట్ట దాటి మైదానంలోకి వచ్చింది. ఆరో చుట్టు మలుపులో ఒంటికి చల్లగా తగిలింది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. గాలి మళ్ళింది, ఉత్తరపు గాలి, డైరీలో రాయాలి అనుకున్నాను. ఉద్యోగమంతా గాలి దిక్కు రాసినవాణ్ణి. నాకు అనుమానమే రాలేదు.

ఎదురుగా అతను నిలబడి ఉన్నాడు. నా చేయి పట్టుకుని చూశాడు.

"నిలబడు సార్."

"చల్లగాలి వస్తోంది, ఇప్పుడెందుకు ఆగాలి?"

"యాడిది గాలి? ఆ వేపచెట్టు చూడు. ఒక్క ఆకు కదల్లా."

చూశాను. కదల్లేదు. చెట్టు రెండుగా కనిపించింది, రెండింటిలోనూ కదల్లేదు.

"ఎండలో చలేసిందంటే గాలి కాదు సార్, ఒళ్ళు చేతులెత్తేసినట్టు," అంటూ నన్ను నీడకు నడిపించి, మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "నువ్వు బూట్లు ఇప్పప్పా. నువ్వు నీళ్ళు తేపో, తలకు, మెడకు, చంకలకు పొయ్యల్ల. రోంత దూరంగా నిలబడండప్పా, గాలి రానీండి." అందరూ అతను చెప్పినట్టు చేశారు. అతని తడి టవలు నా గుండెల మీద పరిచాడు. నేను తేరుకుని మాట సరిగ్గా మాట్లాడాకే మజ్జిగ ఇచ్చాడు, గుక్కెడు గుక్కెడుగా.

పడుకుని ఆకాశం చూస్తూ నేను ఏమనుకున్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బతికించాడని అనుకోలేదు. నా తొమ్మిదిమందికీ ఎంత సులువుగా పనులు చెప్పాడు అనుకున్నాను.

ఆటోలో ఇంటికి దింపారు. డాక్టరు రెండు వారాలు పరుగు వద్దన్నాడు. సాయంత్రం డైరీ తీసి, గళ్ళ పక్క ఖాళీలో, ఆరో చుట్టులో ఆగడానికి కారణం 'కడుపులో బాగాలేదు' అని రాద్దామని కలం పట్టాను. థర్మామీటరు చూడకుండా అంకె వేసినవాళ్ళ మీద ఒకప్పుడు నేనే రిపోర్టు రాశాను. చివరికి, 'ఎండదెబ్బ. గాలి లేదు. అతను ఆపాడు' అని రాశాను.

ఇప్పుడు మళ్ళీ వెళుతున్నాను. మొదటి వారం నడక, తర్వాత నాలుగు చుట్లు, తడి టవలుతో, అందరికీ వెనక. నా గౌరవం కోసమో ఏమో, అతను రోజూ అడుగుతాడు: "ఈపొద్దు వేడి ఎంతుండాది సార్?" మా వరండాలో థర్మామీటరు చూసి వచ్చిన అంకె చెబుతాను. దాన్నిబట్టి ఎన్ని చుట్లో అతను నిర్ణయిస్తాడు.

మొన్న నేను నోరు తెరిచేలోపే అరచేయి గాల్లోకి చాచి, "ఇరవై ఎనిమిది ఉంటాదా సార్?" అన్నాడు.

నేను చూసి వచ్చింది ఇరవై ఎనిమిదే. డైరీలో అలాగే రాశాను. అతనితో మాత్రం ఇరవై ఏడన్నర అన్నాను.