ఆధారం ఏదని అడిగిన యేడు

నాకు కోపం ముక్కు మీద ఉంటది. గీ మాట నేను చెప్పుకునేది కాదు, మా అమ్మ నారాయణఖేడ్‌ల కనవడ్డోళ్లందరికి చెప్పేది. గా కోపానికి ఒక మంచి పని దొరికింది మాత్రం ఇంటర్నెట్ సెంటర్ల. అప్పటికి తెలంగాణ ఇంక రాలే. బస్టాండు పక్కన ఒక సెంటర్ల నేను పని చేస్తుంటి. పరీక్షల రిజల్ట్స్ వచ్చిన రోజు నిలవడ జాగ ఉండకపోయేది, మిగిలిన రోజులు ఈగలు తోలుకునుడే. గా ఖాళీల ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంల రాసుడు నేర్చుకున్న. అండ్ల ఎవరన్నా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరన్నా దిద్దొచ్చు. అందరు తమ ఊరి గురించి రాస్తుంటే నేను యూనివర్సిటీల పేజీలు పట్టుకున్న.

ఎందుకంటే అబద్ధాలు గక్కడనే కుప్పలు పోసి ఉండె. అగ్రగామి అంట, ప్రపంచ స్థాయి అంట, విద్యార్థుల కలల గమ్యం అంట. తన మజ్జిగ పుల్లగున్నదని ఎవరన్నా అంటరా? బ్రోచర్‌ను తెచ్చి పేజీల దింపుతుండిరి. నేను పొగడ్తలు కొట్టేస్తుంటి, మిగిలిన మాటల పక్కన "ఆధారం కావాలి" అని పెడుతుంటి. యూనివర్సిటీ తన గురించి తాను చెప్పుకున్నది ఆధారం కాదు, దానితోని సంబంధం లేనోళ్లు రాసింది కావాలె. తిట్టుడు కూడ అంతే. నాకు నచ్చని కాలేజీని ఒక్క మాట అనాలన్నా ఆధారం చూపియ్యాలె. గా రూలు నా కోపానికి ముక్కుతాడు వేసింది. "ఇంట్ల వాకిలి ఊడ్వమంటే ఒళ్లు బరువు, ఊరోళ్ల వాకిళ్లు మాత్రం ఊడుస్తది" అని మా అమ్మ దెప్పుతనే ఉండె.

గా పేజీలల్ల ఒకటి నాకు మస్తు తలనొప్పి అయింది. కంగ్టి దాటి, కర్ణాటక బార్డర్ అవతల కొత్తగ లేసిన ఒక ప్రైవేటు యూనివర్సిటీ అది. "ప్రభుత్వ గుర్తింపు పొందిన" అని మొదటి లైన్లనే ఉండె. గుర్తింపు ఇచ్చే ఢిల్లీ ఆఫీసు వెబ్‌సైట్ల జాబితా చూసిన, దీని పేరు లేదు. మాట తీసేసిన. తెల్లారి చూస్తే మళ్లొచ్చింది. పెట్టినోడెవడో తెల్వదు గని, ఆ ఒక్క పేజీ తప్ప వేరే పేజీ ముట్టినోడు కాదు. నేను తీసుడు, వాడు పెట్టుడు. "గుర్తింపు ఈ మధ్యనే వచ్చింది, జాబితాల ఇంకా ఎక్కలే" అని వాడి వాదన.

అంతవరకు అది నాకు ఆట లెక్కనే ఉండె. ఒక ఆదివారం నుంచి ఆట లెక్క లేదు.

మా చెల్లె డిగ్రీ పాసయి బీఎడ్ చెయ్యాలని కూసున్నది. టీచర్ అవుతనని దానికి చిన్నప్పటి నుంచి ఒకటే పట్టు. మా నాయిన మనూరు దిక్కు మా చెలకల కంది వేసుకుంట, మిగిలిన రోజులు కూలికి పొయ్యేటోడు. ఆ ఆదివారం చర్చి అయిపోయినంక గేటు దగ్గర ఒక ఏజెంటు కరపత్రాలు పంచిండు. పరీక్ష లేకుండనే బీఎడ్ సీటు అన్నడు. నాయిన మాట ఇచ్చేసి ఇంటికొచ్చిండు. మర్నాటి సోమవారం కాదు, గా మీది సోమవారం ఏజెంటు వచ్చి ఒరిజినల్స్ తీస్కపోతడంట. కరపత్రం చూసిన. గదే యూనివర్సిటీ.

మా దిక్కు ఒరిజినల్స్ ఇచ్చుడంటే ఏందో మా దిక్కోళ్లకే ఎరుక. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, టీసీ అన్ని ఒక్క ప్లాస్టిక్ కవర్ల పెట్టి ఇస్తరు. అది కాలేజీ బీరువాల పడ్డదంటే చదువు ఒడిసేదాక బయటికి రాదు. నడుమల తప్పు తెలిసినా ఇంకో కాలేజీల చేరెటందుకు చేతుల ఒక్క కాయితం ఉండదు. గుర్తింపు లేని బీఎడ్‌తోని టీచర్ పరీక్షకు కూసోనియ్యరు. అంటే చెల్లె కవరు పోయిందంటే దాని చదువు పోయినట్టే.

"నాయినా, గది దొంగది" అన్న.

"నీకెవరు చెప్పిన్రు? పేపర్ల గూడ పడ్డది" అని ఏజెంటు ఇచ్చిన ఒక కటింగ్ నా ముందల వేసిండు. జిల్లా పేజీల వచ్చిన వార్త, గుర్తింపు ఉన్నదనే రాసి ఉన్నది. మా దగ్గర పేపర్ల పడ్డదంటే ఇగ దానికి తిరుగు లేదు.

చెల్లె ఇంకో దెబ్బ కొట్టింది. "నెట్‌ల గూడ ఉన్నదక్కా. గుర్తింపు ఉన్నదని నువ్వు రాసే దాంట్లనే ఉన్నది."

సెంటర్‌కు పోయి పేజీ తెరిస్తే ఇంకో ముచ్చట. గా మనిషి గదే పేపర్ వార్తను ఆధారంగ పెట్టిండు. పెద్ద ఎడిటర్లు గూడ, "పేపర్ ఆధారం ఉన్నది, జాబితా కన్న కొత్తది, వదిలెయ్" అని చర్చ పేజీల రాసిన్రు. "ఇది దొంగ యూనివర్సిటీ" అని రాసెటందుకు వేళ్లు దురద పెట్టినయి. రాయలే. నాకు తెలిసింది ఎంతైనా ఉండనీ, చూపియ్యగలిగిందే గక్కడ నిలుస్తది. ఏడుపొచ్చింది, కోపంతోని ఏడ్చిన.

శనివారం మధ్యాహ్నం ఆ కటింగ్‌ను మళ్ల చదివిన. మూడో లైన్ల ఉన్నది: "ఒకప్పటి మిషన్ దవాఖాన భవనంలో ఏర్పాటైన ఈ విశ్వవిద్యాలయం". చదివి పెద్దగ నవ్విన. అమ్మ పొయ్యి కాడికెళ్లి లేసొచ్చి, నాకేమన్న అయిందా అని చూసింది.

ఎందుకు నవ్వినంటే, ఆ మిషన్ దవాఖాన పుట్టింది నా తలకాయలనే. అంతకు కొన్ని నెలల ముందు ఒక పెండ్లికి పోతుంటే బస్సుల నుంచి ఆ బిల్డింగ్ చూసిన. రాతి గోడలు, పొడుగు వరండా, పెంకులు. నారాయణఖేడ్ల పుట్టినోళ్లకు గసొంటి పాత బిల్డింగ్ ఎక్కడ కనవడ్డా అది చర్చి మిషనోళ్లదే, దవాఖాననే. ఇంకోటి అయితదని తోచనే తోచదు. ఆధారం లేకుండనే పేజీల ఎక్కిచ్చిన. కొన్ని రోజులకు ఆ దిక్కు మనిషి ఒకాయన, "అది పత్తి మిల్లు తల్లీ, దవాఖాన ఎన్నడూ లేదు" అని చర్చ పేజీల రాస్తే సిగ్గుపడి తీసేసిన. లోకంల ఆ తప్పు ఇంకెక్కడ లేదు. మరి పేపర్లకు ఎట్ల వచ్చింది?

మా గల్లీలనే ఉంటడు ఆ వార్త రాసిన విలేకరి. అందరం పేపరన్న అంటం. బస్టాండు హోటల్ల చాయ్ తాగుతుండు. కటింగ్ ముందల పెట్టి, "అన్నా, గీ దవాఖాన ముచ్చట నీకు ఎవరు చెప్పిన్రు?" అన్న.

"ఎవరు చెప్పుడేంది? అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చిన్రు, వార్త గూడ రాయమన్నరు. నెట్‌లకెళ్లి తీసిన. నువ్వు రాసే దాంట్లకెళ్లే" అని నవ్విండు.

"గుర్తింపు ముచ్చట?"

"అదీ గక్కడిదే."

"నువ్వు నన్ను జూసి రాసినవ్, నిన్ను జూపి వాడు నా పేజీల రాసిండు. మరి కండ్లతోని చూసినోడు ఎవడు, అన్నా?"

పేపరన్న చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "తప్పయింది చెల్లే. సవరణ వేయిస్త" అన్నడు.

నేను సవరణ దాక ఆగలే. గా విజ్ఞానసర్వస్వంల ఎవరు ఏ మాట ఎప్పుడు పెట్టిన్రో, ఎప్పుడు తీసిన్రో పాత కూర్పులన్ని ఉంటయి. నా తప్పు ఎక్కిన రోజు, దిగిన రోజు, నడుమల పేపర్ల వార్త వచ్చిన రోజు చర్చ పేజీల వరుసగ పెట్టిన. "ఈ వార్త మన పేజీని చూసి రాసింది. మన పేజీకి అదే ఆధారం ఎట్ల అయితది? రుజువు నా తప్పే" అని రాసిన. ఆదివారం పొద్దుగూకే వరకు పెద్ద ఎడిటర్లు అందరు నా దిక్కు తిరిగిన్రు. సర్కారు ఆర్డర్ చూపియ్యమని ఆ మనిషిని అడిగిన్రు. వాడు చూపియ్యలే, తిట్టిండు. నిర్వాహకులు వాని రాతకు తాళం వేసిన్రు. గుర్తింపు మాట పోయింది. దాని జాగల నేను ఒక చప్పటి వాక్యం రాసిన: ఢిల్లీ ఆఫీసు జాబితాలో ఈ పేరు లేదు. ఒక్క తిట్టు లేదు, ఒక్క విశేషణం లేదు. నా జన్మల అంత తీపి వాక్యం రాయలే.

సోమవారం పొద్దుగాల ఏజెంటు బండి మీద దిగిండు, భుజానికి పెద్ద బ్యాగు. నేను పేజీ, జాబితా రెండు ప్రింట్లు తీసి నాయినకు రాత్రే చదివి వినిపిచ్చి ఉంటి. ఇప్పుడాయన, చెల్లె కవరు ఒళ్లె పెట్టుకొని మంచం మీద కూసున్నడు.

"గుర్తింపు ఆర్డర్ కాయితం చూపియ్" అన్నడు ఏజెంటుతోని.

"నెట్‌ల ఉన్నది పెద్దయ్యా, చూస్కోండ్రి."

"చూసినం. ఇప్పుడు లేదు" అన్నది చెల్లె.

ఏజెంటు మా మీద, పేపర్ మీద, ఊరి మీద అన్నిటి మీద లేసిండు. గల్లీ జనం జమయిన్రు, పేపరన్న గూడ వచ్చిండు. ఇగ లాభం లేదని ఏజెంటు బ్యాగు భుజాన వేసుకోబోతుంటే నాయిన దాని పట్టీ పట్టుకున్నడు.

"గీ బ్యాగుల ఎవరియి ఉన్నయి?"

బోరంచ, కంగ్టి దిక్కు పిల్లల కవర్లు. ముందటి దినం నుంచి ఊర్లు తిరిగి జమ చేసిండు.

"వాళ్లు ఇష్టంతోనే ఇచ్చిన్రు."

"ఇష్టంతోనే తీస్కపోతరు. గిక్కడ పెట్టి పో" అన్నడు మా నాయిన.

జనాన్ని చూసిండు, పెట్టిండు. బండి పోయినంక చెల్లె కవర్ల మీదున్న నంబర్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేసింది. నాయిన ఆ దినం చెలకకు పోలే. మధ్యాహ్నం నుంచి షేర్ ఆటోలల్ల జనం దిగుడు మొదలైంది. కంగ్టి దిక్కెళ్లి వచ్చిన ఒక తల్లికి చదువు రాదు. కవర్లన్ని తిరగేసి, ఒకదాంట్ల చిన్న ఫోటో చూసి, "గిది నా బిడ్డది" అని రెండు చేతులతోని పొట్టకు అదుముకున్నది.