యెమొనాండీ మహారాజ్యానికి ఒకరోజు ప్రయాణం

మా హైస్కూలు బీరువా దులుపుతుంటే దొరల కాలపు సర్వే పటం ఒకటి బయటపడింది. చిలకలూరిపేటకు పడమట, వాగు మలుపు దగ్గర, తమలపాకంత మేర గులాబీ రంగు వేసి ఇంగ్లీషులో ‘యెమొనాండీ’ అని రాసి ఉంది. ఫ్రాన్సులోని నార్మండీకి చుట్టంలా లేదూ ఆ పేరు! మన మిరప చేల మధ్య ఎవరూ ఎరగని ఫ్రెంచి రాజ్యమన్నమాట! పటం అంచున దొర వివరాలు కూడా రాశాడు. పాలించేది మహారాణి మావిడాండీ. పరదేశిని చూస్తే ప్రజలు కన్నీరు పెడతారు. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని తుమ్మడం వారి జాతీయ వందనం. నాండీ, డాండీ అని ప్రాస కుదిరిందంటే ఒకే రాజవంశం కాక మరేమిటి? సోషలు మాస్టరుని కదా, వారం తిరక్కుండా ముప్పై పేజీల చరిత్ర రాసేశాను, రెండు యుద్ధాలతో సహా. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు పైనుంచి చూసి, “సోమవారం ప్రార్థనలో పిల్లలందరికీ చెప్పండి. రుజువు మాత్రం ఉండాలి” అన్నారు. అది దొరక్కపోతే బడిలో నా పరువు గంగలో కలిసినట్టే.

ఆదివారం ఉదయం ఆరింటికి గుంటూరులో బస్సెక్కాను. పేటకి టిక్కెట్టు రూపాయి పావలా. ఏడున్నరకి దిగి, ఇడ్లీ తిని, మస్తాన్ అనే జట్కా అతన్ని పిలిచాను.

“యెమొనాండీకి వస్తావా?”

“ఏమోనండి, ఆ పేరెప్పుడూ ఇన్లేదు. దారి చెబితే ఎక్కడికైనా తోల్తాను. పోనూ రానూ రెండు రూపాయలండి.”

పటం ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాను. నల్లరేగడి బాటలో, పత్తి చేల పక్కగా గంటన్నర ప్రయాణం. వాగు మలుపు తిరగ్గానే ఎటుచూసినా ఎర్రగా ఎండబోసిన మిరపకాయలు! కళ్ళాల్లో పనిచేస్తున్న ఆడా మగా ముక్కులకి గుడ్డలు కట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, నన్ను చూసి ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు. ఆనందం పట్టలేకపోయాను. ప్రతివందనంగా నేనూ తుమ్మాను. ఆపుకుందామన్నా ఆగలేదు లెండి.

రంగు పాలిపోయిన తాలుకాయలు ఏరుతున్న రత్తమ్మ అనే ముసలామె దగ్గర కూర్చుని పటంలో ఉన్నదంతా చదివి వినిపించాను. ఆమె పడీపడీ నవ్వింది.

“రాజ్యమా నా బొందా! ఎవరో దొర గుర్రమెక్కొచ్చి మా తాతని ఇంగిలీసులో ఊరి పేరడిగాడంట. మా తాతకేం అర్థమవుద్ది? ‘ఏమోనండి’ అన్నాడంట. దొర రాసుకున్నాడు. ‘రాజా ఎవరు, రాజా?’ అంటే, ‘మా ఇంట్లో రాణేనండి, మా ఆవిడండి’ అన్నాడంట. అదీ రాసుకున్నాడు!”

నా ముప్పై పేజీలూ, రెండు యుద్ధాలూ కళ్ళముందే కూలిపోయాయి. ఇంతలో రత్తమ్మ నవ్వు ఆపి, “అయ్యా, మా నాయనమ్మ నిజంగా ఆ కాయితంలో ఉందా?” అంది.

“ఉందమ్మా, ఇదిగో.”

ఆ అక్షరాల మీద వేలు ఆనించింది. “చిన్నప్పట్నించీ చెబుతున్నా, కోతలు కోస్తన్నావని అందరూ నవ్వేవాళ్ళు” అని, ఒక్కసారిగా లేచి కేకేసింది. “ఒరేయ్, ఇటు రండిరా! మా నాయనమ్మ రాణేరా! మేష్టారు కాయితం తెచ్చారు!”

కళ్ళమంతా మా చుట్టూ మూగింది. ఆమె పటం చూపించి ఆ కథ నాలుగుసార్లు చెప్పింది, నాలుగుసార్లూ నేను చప్పట్లు కొట్టాను. మధ్యాహ్నం ఆ రాణిగారి మనవరాలు నాకు పండుమిరప పచ్చడితో అన్నం పెట్టింది. అంత సంబరంగా నేనెప్పుడూ భోంచెయ్యలేదు.

వెళ్ళదలచినవారు మాఘ ఫాల్గుణాల్లో వెళ్ళండి, కళ్ళాలు నిండుగా ఉంటాయి. తడి తువ్వాలు మాత్రం మరవకండి.

సోమవారం ప్రార్థనలో నా ముప్పై పేజీలు పక్కన పెట్టి రత్తమ్మ చెప్పిందే చెప్పాను. పిల్లలు విరగబడి నవ్వారు. పోయిందనుకున్న పరువు కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ నచ్చింది. హెడ్మాస్టరు గారు మాత్రం నవ్వలేదు.

“ఇంతకీ ఆ దేశం ఉన్నట్టా, లేనట్టా మాస్టారూ?”

ఆ పేరుని మొదటిసారి సరిగ్గా పలికాను.

“ఏమోనండి!”